సాక్షి వచ్చేదాకా

అక్టోబరు ఒకటో తేదీ పొద్దున ఆరున్నరకి ఇటుకబట్టీ చెరువు గట్టు మీద నిలబడి నేను మొదట చేసిన పని ఆకాశాన్ని తిట్టడం. మా గాలాల క్లబ్బులో, చిన్న చేపల్ని మింగి బతికే పైక్ చేపల వేట మొదలయ్యే రోజు అది. ఆ రోజుకి గడ్డి మీద మంచు పేరుకోవాలి, వేళ్లు కొంకర్లు పోవాలి, ముక్కు కారుతూ ఉండాలి. పైక్‌కి చలి కావాలి. నీళ్లు చల్లబడి, నాచు చచ్చి, చిన్న చేపలన్నీ ఒక మూలకి చేరితేగాని అది ఒళ్లు వంచి వేటకి బయల్దేరదు. ఆ ఏడాది తొమ్మిదింటికే స్వెట్టరు విప్పాను. పదింటికి చొక్కా చేతులు మడిచాను. పదకొండింటికి ఎదురు గట్టు మీద ఒక జంట ఐస్‌క్రీమ్ తింటూ పోతూ నాకు చెయ్యి ఊపింది. అంత మంచి ఎండ పెట్టుకుని నేను మొహం మాడ్చుకుని కూర్చోవడం వాళ్లకి వింతగా ఉండి ఉంటుంది.

మామూలు ఏడాదైతే గాలాలు సర్దుకుని ఇంటికి పోయి, నవంబరులో వచ్చేదాన్ని. ఈసారి ఆ వీలు లేదు. పన్నెండో తేదీ ఆదివారం కమిటీ సమావేశం. ఆలోపు ఈ చెరువులోంచి ఇరవై పౌన్లు, అంటే తొమ్మిది కిలోలు, దాటిన పైక్ ఒక్కటి తీసి చూపించాలి. చూపించకపోతే నీళ్లలోకి కరెంటు వదిలే మనుషుల్ని పిలిపించి, చెరువులో ఉన్న పైక్‌లన్నిటినీ తేలినవాటిని తేలినట్టే లారీలోకి ఎత్తించేస్తారు.

మా క్లబ్బులో ఎక్కువమంది రోచ్ పట్టేవాళ్లు. రోచ్ అంటే అరచేతిలో ఇమిడే వెండిరంగు చేప. దానికోసం ఆదివారాలు పోటీలు, చిన్న చిన్న కప్పులు, వాటికోసం పెద్ద పెద్ద అలకలు. నాలుగేళ్లుగా వాళ్ల వలలు వెలవెలబోతున్నాయి. పైక్‌లే తినేస్తున్నాయని తేల్చారు. కమిటీలో ఏడుగురం, అందులో పైక్ పట్టేదాన్ని నేనొక్కదాన్నే. సెప్టెంబరు సమావేశంలో గంటసేపు మొత్తుకున్నాను. రోచ్‌ల వెంట పడేది రెండు మూడు పౌన్ల కుర్ర పైక్‌లు, ఆ కుర్రకుంకల్ని తిని అదుపులో పెట్టేది పెద్ద ఆడ పైక్‌లు, అన్నిటినీ ఎత్తేస్తే రెండేళ్లలో కాలవ నుంచి మళ్లీ కుర్రవే వచ్చి చేరతాయి, వాటిని తినేవాళ్లుండరు అన్నాను. ఊళ్లోంచి పోలీసుని పంపేస్తే దొంగతనాలు తగ్గుతాయా అని కూడా అన్నాను. గోడకి చెప్పినట్టే అయింది.

పైక్‌లని ఎత్తించాలన్న తీర్మానం పెట్టిన కార్యదర్శి నార్మన్ కిస్బీ మాత్రం చివరిదాకా విన్నాడు. రిటైరైన పోస్టుమాను. రోచ్ మనిషే అయినా మాట మీద నిలబడేవాడు.

"పెద్దవి ఉన్నాయి, ఉన్నాయి అంటావు లోర్నా. నాలుగేళ్లలో పన్నెండు పౌన్లు దాటినదాన్ని ఎవడూ చూళ్లేదు. ఇరవై పౌన్లది ఒక్కటి చూపించు, నా తీర్మానం నేనే వెనక్కి తీసుకుంటా. తూకం మాత్రం రూలు ప్రకారం జరగాలి."

ఆ రూలు నాది. చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర, చక్కెర తీసే దుంపల లారీలు తూచే కాటా మీద ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటున్నాను. లారీ డ్రైవర్లు చెప్పే బరువులు వినీ వినీ మనుషుల నోటి లెక్క మీద నాకు నమ్మకం పోయింది. తొమ్మిదేళ్ల కిందట క్లబ్బులో ఒకాయన చేపని చేతులు బారచాపి కెమెరా ముందుకు తోసి ఫోటో దిగి, పదిహేను పౌన్లదాన్ని ఇరవై నాలుగని చెప్పి కప్పు పట్టుకుపోయాడు. ఒళ్లు మండి మరుసటి సమావేశంలో నేనే నియమం పెట్టించాను. పట్టిన చేపని తూచాక మళ్లీ నీళ్లలో వదిలెయ్యడం మా ఆచారం కాబట్టి, ఏ చేప బరువైనా సరే, చేప బతికుండగా, క్లబ్బు కాటా మీద, అధ్యక్షుడో కార్యదర్శో కళ్లారా చూస్తూండగా తూచినదే లెక్క. ఎవరూ చూడని బరువు బరువే కాదని ఆ రోజు గొప్పగా చెప్పాను. అందరూ బల్లలు చరిచారు.

ఇప్పుడు అధ్యక్షుడు తుంటి ఆపరేషను చేయించుకుని ఇంట్లో మంచం మీద ఉన్నాడు. కాటా కిస్బీ ఇంట్లో ఉంది. అంటే నాకు ఒక చేప, ఒక కిస్బీ, రెండూ ఒకేసారి ఒకేచోట కావాలి.

నాకు పైక్ పట్టడం నేర్పింది సిరిల్ పెక్. డెబ్బై అయిదేళ్లవాడు. ఒకప్పుడు వరద కాలవల మీద తూములు ఎత్తే పని చేసేవాడు. మా ప్రాంతంలో ఏ కాలవలో ఏ మలుపులో ఎంత లోతో అడిగితే పడుకుని నిద్రలోనైనా చెప్తాడు. ఆ ఒకటో తేదీన పదకొండున్నరకి వచ్చాడు, గాలం లేకుండా. జేబులోంచి తాడు కట్టిన థర్మామీటరు తీసి నీళ్లలోకి జారవిడిచి, అయిదు నిమిషాలకి పైకి లాగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"పద్దెనిమిది. సూపు కాచుకోవచ్చు పిల్లా."

ఆయనకి నేను ఎప్పటికీ పిల్లనే, అరవై దాటినా. వేడి నీళ్లలో గాలి తక్కువ, పైక్ పెనుగులాడితే ఊపిరి అందదు, పన్నెండు డిగ్రీలకి దిగేదాకా పైక్ జోలికి పోకూడదు అన్నది ఆయన జీవితంలో పెట్టుకున్న ఏకైక మతం. చర్చికి కూడా ఇంత నిష్ఠగా వెళ్లడు. నేను పన్నెండో తేదీ సంగతి గుర్తుచేశాను. తెలుసన్నాడు. చెరువులో ఉన్న పైక్‌లన్నీ పోతాయన్నాను. అదీ తెలుసన్నాడు. నా ఫ్లాస్కులో టీ పోసుకుని, నా సంచిలోంచి ఊరగాయ పెట్టిన చీజు సాండ్‌విచ్చి తీసి సగం విరిచి తిని, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తను వెయ్యడు, నన్ను మానమనడు. రోజూ వచ్చి నీటి వేడి మాత్రం చదివి వినిపిస్తాడు. అంతకన్నా తిట్టినా బాగుండును.

ఆ పది రోజులు ఎట్లా గడిచాయో చెప్తే నవ్వుతారు. ఎర వేస్తే నాచు. లాగితే గంపెడు పచ్చటి నాచు, అందులో ఎక్కడో నేను ఎరగా గుచ్చిన సగం మాకరెల్ చేప. నాచు లేని చోటు వెతికి వేస్తే అక్కడ గోళ్ల రొయ్యలు, ఎక్కడో అమెరికా నుంచి వచ్చి మా చెరువుల్లో కాపురం పెట్టినవి. పావుగంటలో ఎర ముక్కని ముల్లు మిగిల్చి తినేసేవి. రెండోరోజు ఒక హంస నా దారంలో కాలు ఇరికించుకుని, నేను విడిపించబోతే నన్నే పొడిచింది. పాలనీ నీళ్లనీ వేరుచేసే పక్షట, దారాన్నీ నాచునీ వేరుచెయ్యలేకపోయింది. నాలుగోరోజు షికారుకొచ్చిన ఎవరిదో కుక్క నా ఎర డబ్బాలో మూతి పెట్టి పన్నెండు చేపలు మింగి, దాని యజమానురాలి చెప్పుల మీద కక్కింది. ఆవిడ నాతో పోట్లాడింది. రాత్రి డీప్ ఫ్రీజరులో కొత్త ఎర వెతుకుతుంటే మా ఆయన అలెక్, బఠానీల పక్కన ఇంకో మాకరెల్ కనబడితే తను వేరే కాపురం పెడతానన్నాడు. నేను నవ్వలేదు.

అన్నిటికన్నా ఎండ. ఎండ, గాలి లేదు, మబ్బు లేదు, నీళ్లు అద్దంలా తేటగా కిందిదాకా కనిపిస్తున్నాయి. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి రోజూ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, ఇంకో అందమైన రోజు అనేది. ఆ అమ్మాయి మీద నాకు పగ పుట్టింది.

కిస్బీ రోజూ పదకొండింటికి తన పొడుగాటి కర్ర భుజాన వేసుకుని రోచ్‌కోసం అవతలి మూలకి పోతూ నా దగ్గర ఆగేవాడు. ఏమన్నా తగిలిందా అని అడిగేవాడు. లేదనేదాన్ని. నాకూ లేదు అనేవాడు. వెటకారం చేసినా సహించేదాన్ని, ఆయన గొంతులో జాలి ఉండేది. దానికి నా ఒళ్లు ఇంకా మండేది.

ఎనిమిదో తేదీ బుధవారం చెరువు మీద విసుగుపుట్టి నది మీదికి పోయాను. నదిలో పడ్డదానికి లెక్క లేదు, చేప చెరువులోదే కావాలి. అయినా ఒక వారం పైన ఒక్క బెండు కూడా మునగకపోతే మనిషికి తన చేతి మీదే అనుమానం వస్తుంది. అలా కూర్చున్న మూడు గంటలకి బెండు మునిగింది. లాగితే మూరెడు చెక్కముక్క అంత కుర్ర పైక్, రెండు పౌన్లు ఉంటుందేమో. ఒడ్డుకి తెస్తే నా బొటనవేలు కొరికి, చీరి, తోక ఝాడించి పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పెట్టిన సెలవు అయిపోయి మర్నాడు ఫ్యాక్టరీ కాటా గదిలో కట్టు కట్టిన వేలితో లారీలు తూచాను. దుంపల సీజను అప్పుడే మొదలైంది. ప్రతి డ్రైవరూ చేప ఎంత పెద్దదని అడిగేవాడే.

గురువారం నుంచి టీవీ అమ్మాయి మాట మార్చింది. శుక్రవారం రాత్రికి పడమటి గాలి, వాన, చలి అంది. నేను ఆశపడ్డాను. శుక్రవారం రాత్రి పది నిమిషాలు చినుకులు పడి, అలెక్ ఆరేసిన తువ్వాళ్లు తడిపి, గాలి రాకుండానే తేలిపోయాయి. శనివారం పొద్దున వెచ్చటి పొగమంచు. తొమ్మిదికి అది విడిచి మళ్లీ ఎండ. సిరిల్ వచ్చి తాడు జారవిడిచి చూశాడు.

"పదిహేడు. ఒక్క డిగ్రీ తగ్గింది. రగ్గు కప్పుకో."

రేపే సమావేశం.

పదకొండూ పదికి ఎడమవైపు బెండు నిటారుగా లేచి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, పక్కకి నడవడం మొదలెట్టింది. గాలి లేదు, బెండు నడుస్తోంది. దారం బిగించి కర్ర ఎత్తాను. అవతల చెట్టు మొద్దుకి తగిలిందేమో అనుకున్నాను. ఆ మొద్దు నెమ్మదిగా చెరువు నడుమకి పోవడం మొదలెట్టింది.

చలికాలంలో అయితే పది నిమిషాల పని. నాచు పాడుచేసింది. అది నాచులో దూరింది, నేను లాగాను, అది ఇంకా లోపలికి దూరింది. కర్ర విల్లులా వంగిపోయి నా భుజాలు పీక్కుపోతున్నాయి. ఇరవై అయిదు నిమిషాలు. సిరిల్ మారుమాట లేకుండా రబ్బరు బూట్లతో తొడల దాకా నీళ్లలో దిగి వల పట్టుకు నిలబడ్డాడు. చివరికి అది నాచు మూటతో సహా పైకి తేలి, పక్కకి ఒరిగి, నోరు తెరిచి మూసింది. సిరిల్ వల కిందనుంచి ఎత్తాడు.

గడ్డి మీద పరిచిన తడి మెత్త మీద పెట్టి పటకారుతో గాలం తీశాను. నా కాలంత పొడుగు, నా తొడంత లావు. ముదురాకుపచ్చ ఒంటి మీద మీగడరంగు మచ్చలు. ముప్పై ఏళ్లలో ఈ చెరువులో అంతదాన్ని నేను రెండుసార్లే చూశాను. నా చేతి కాటాకి తగిలించాను. ఇరవై మూడు పౌన్ల నాలుగు ఔన్సులు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

సిరిల్ ఫోటో తీశాడు. ఇక వదిలెయ్యమన్నాడు. నేను ఫోను తీశాను.

కిస్బీ ఆ రోజు చెరువుకి రాలేదు, రేపటి సమావేశం కాగితాలు రాసుకుంటూ ఇంట్లోనే ఉన్నాడు, ఆరు మైళ్ల దూరం. బరువు చెప్తే ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత అన్నాడు.

"నీ మాట నేను నమ్ముతా. ఫోటో ఉంది, సిరిల్ ఉన్నాడు, నాకు చాలు. వదిలెయ్ దాన్ని. మిగతా అయిదుగురు రేపు ఏమంటారో మాత్రం నా చేతిలో లేదు లోర్నా. రూలు నీదే కదా."

ఆ అయిదుగురి మొహాలు నా కళ్లకి కట్టాయి. ఎవరు చూశారు, ఏ కాటా, సిరిల్ నీ మనిషే కదా. తొమ్మిదేళ్ల కిందట ఆ కప్పు ఎత్తుకుపోయినాయన్ని నేను అడిగిన ప్రశ్నలే ఒక్క అక్షరం పోకుండా నన్ను అడుగుతారు. అడగనివ్వకుండా చెయ్యాలి. కాటా తీసుకుని బయల్దేరమన్నాను. పావుగంటలో వస్తానన్నాడు.

మా దగ్గర గాలాడే నల్ల వలసంచి ఉంటుంది. చేపని అందులో పెట్టి నీళ్లలో గట్టుకి కట్టేస్తే ఎవరైనా వచ్చేదాకా ఉంటుంది. డిసెంబరులో గంటసేపు పెట్టినా దానికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. నేను సంచి విప్పుతుంటే సిరిల్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోలేదు అలా.

"వద్దు పిల్లా. అరగంట కొట్టుకుంది, ఈ నీళ్లలో దానికి ఊపిరందట్లా. సంచిలో పెడితే చస్తది."

"పావుగంటే కదా."

"పావుగంట అన్నది కిస్బీ. రైల్వే గేటు అన్లేదు."

ఈ ఒక్క చేపని చూసుకుంటే మిగతావన్నీ పోతాయి కదా అన్నాను. నా చెయ్యి వదిలేశాడు. ఇద్దరం కలిసి సంచిని లోతు నీళ్లలో, చెట్టు నీడలో కట్టాం. ఆయన నీళ్లలోనే నిలబడి, సంచిలోపల దాన్ని నిటారుగా పట్టుకుని ఉన్నాడు.

పావుగంట అయింది. ఇరవై నిమిషాలు. నేను గట్టెక్కి రోడ్డు వంక చూశాను. మా నేల చదును, మూడు మైళ్ల దూరంలో గేటు దగ్గర లారీల వరస కనిపిస్తూనే ఉంది. దుంపల లారీలు. మా ఫ్యాక్టరీకి, నా కాటా మీదికి పోయే లారీలు. ఫోను చేస్తే కిస్బీ వాటి వెనక ఉన్నానన్నాడు. రాళ్ల గూడ్సు పోయింది, గేటు ఎత్తకుండానే పాసింజరుకోసం మళ్లీ ఆపారన్నాడు. దిగి నడిచి వస్తానన్నాడు. మూడు మైళ్లు డెబ్బై ఏళ్ల మనిషి నడిచి ఎప్పటికొస్తాడు, ఉండమన్నాను.

అరగంట దగ్గర సిరిల్ తలెత్తి చూసి, ఇప్పటికైనా వదిలితే బతుకుతుందేమో అన్నాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క లేదు. అప్పుడు వదలొచ్చు. సంచి మూతి దగ్గర చెయ్యి వేశాను కూడా. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. గేటు లేచింది, కదిలాం అన్నాడు కిస్బీ. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లారీలు ముందుండగా మా ఇరుకు రోడ్డు మీద ఎవరూ తొందరగా రాలేరు. కిస్బీ కారు చెరువు దగ్గర ఆగేసరికి యాభై నిమిషాలైంది. కాటా చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, ఇంట్లో తొడుక్కునే బూట్లతోనే. సంచి పైకి ఎత్తాం. కాటాకి తూకపు జోలె తగిలించి చేప పెట్టబోతుంటే నేను ఆపాను. పొడి జోలెతో సున్నా చేస్తే తడి బరువు కలుస్తుంది, జోలె తడిపి మళ్లీ సున్నా చెయ్యమన్నాను. కిస్బీ నన్నోసారి చూశాడు. తడిపాడు. ముల్లు ఒక గీత పక్కకి నిలిచింది. ఇంకోసారి చెయ్యమన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, నా నోరు నా మాట వినలేదు. ఆ రెండు నిమిషాలూ చేప మెత్త మీద ఉంది.

ఇరవై మూడు పౌన్ల నాలుగు ఔన్సులు. నా కాటాకి ఒక్క ఔన్సు తేడా లేదు.

నీళ్లలోకి తీసుకుపోయి తోక మొదలు పట్టుకుని నిలబెట్టాను. మామూలుగా రెండు నిమిషాల్లో చేతిలో బలం తెలుస్తుంది, ఒక్క విదిలింపు విదిల్చి పోతుంది. ఇది కదల్లేదు. చెయ్యి వదిలితే తెల్లటి పొట్ట పైకి తిరిగింది. మళ్లీ నిలబెట్టాను. మొప్పలు ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, ఆడుతున్నాయి. నా చేతులు అలిసిపోతే సిరిల్ పట్టుకున్నాడు. సిరిల్‌కి కాళ్లు తిమ్మిరెక్కితే, ఎవరూ అడక్కుండానే కిస్బీ ఆ ఇంటి బూట్లతోనే దిగాడు. పైక్‌ని పట్టుకోవడం ఆయనకి రాదు, ఎక్కడ పట్టుకోవాలో సిరిల్ చూపించాడు. జీవితమంతా పైక్‌ని తిట్టినవాడు, ఒక గంట దాని పొట్ట కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

రెండున్నరకి మొప్పలు ఆగిపోయాయి. సిరిల్ ఇంకో పది నిమిషాలు ఆగి, వేలు పెట్టి చూసి, దాన్ని గట్టు మీదికి తెచ్చి గడ్డి మీద పడుకోబెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. తన థర్మామీటరు తాడు చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

"కాటా మాత్రం సరిగ్గానే ఉంది పిల్లా" అని వెళ్లిపోయాడు.

ఆయన అంతకుముందు నన్ను ఎన్నోసార్లు తిట్టాడు. ఇది తిట్టు కాదు, అందుకే భరించలేకపోయాను. గట్టు మీద కూర్చుని, పక్కన కిస్బీ ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. కిస్బీ తడిసిన బూట్లు విప్పి నీళ్లు ఒంపుకుంటూ, గేటు దగ్గరే కారు దిగి నడవాల్సింది అన్నాడు. తప్పు తన మీద వేసుకోవడానికి ఆ మంచివాడికి అదొక్కటే దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పబ్బు వెనక గదిలో సమావేశం. అధ్యక్షుడు చేతికర్రతో వచ్చాడు. ఏడుగురం ఉన్నాం. సిరిల్ కమిటీలో లేడు, అయినా ఎప్పుడూ వచ్చి గోడ పక్కన బల్ల మీద కూర్చునేవాడు. ఆ రోజు ఆ బల్ల ఖాళీగా ఉంది.

కిస్బీ లేచి బరువు చదివాడు. తను కళ్లారా చూశానని, రూలు ప్రకారం తూచామని, చేప ఆ తర్వాత చచ్చిపోయిందని, తన తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు. గదంతా చప్పట్లు. పైక్‌లని ఎవరూ ముట్టుకోకూడదని, అంత చేప ఉన్న చెరువు మన క్లబ్బుకే గర్వమని అధ్యక్షుడు అన్నాడు. నెల కిందట లారీ పిలవమన్న నోటితోనే ఇంకొకాయన, ఆ చేపని పాడుకానివ్వకుండా అద్దాల పెట్టెలో పెట్టించి గోడకి తగిలిద్దాం అన్నాడు. కింద లోర్నా పేరు, బరువు, తేదీ రాయిద్దాం అన్నాడు. నా భుజం తట్టారు. నేను గెలిచాను. చెరువులో పైక్‌లన్నీ ఉంటాయి. కుర్ర పైక్‌లు తప్ప ఇప్పుడు అందులో ఇంకేమున్నాయో నాకు తెలియదు. అంతటిది రెండోది ఉందని ఒట్టేసి చెప్పలేను.

ఇతర విషయాలు ఏమన్నా ఉన్నాయా అని అధ్యక్షుడు అడిగినప్పుడు నేను లేచాను. చేప బతికుండగా పదవిలో ఉన్నవాళ్ల ముందు తూచాలన్న నియమం తీసెయ్యమన్నాను. పట్టినవాళ్లు తూచుకుని వెంటనే నీళ్లలో వదిలెయ్యాలి, ఎవరికోసమూ ఆగకూడదు, అదీ నా తీర్మానం అన్నాను.

ఆ అద్దాల పెట్టె ఆయన ఎంతో మర్యాదగా, ఆ రూలే లేకపోతే నిన్న నిన్నెవరు నమ్మేవాళ్లమ్మా, రూలు వల్లే కదా పైక్‌లు బతికాయి అన్నాడు. నిజమే. ఇంకొకాయన అడిగాడు.

"మరి బరువు ఎంతో ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. చెప్పింది నమ్మాలి."

ఎవరో నవ్వారు. కాటా గదిలో కూర్చునే లోర్నాయేనా ఈ మాటంటున్నది అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగా ఆశ్చర్యపోయే అన్నారు. అధ్యక్షుడు ఓటుకి పెట్టాడు. తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు.

రెండు చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది కిస్బీది.